మంగళం పాడని ఆట

దయ్యం, గాలి, ధూళి అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. వాదించే ఓపిక కూడా ఉండేది కాదు. బాన్సువాడ బజారులో నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. టేపుకు అందనిది ఏదైనా ఉంటే అది నా పని కాదని ఊరుకునేవాణ్ణి. బోనాలప్పుడు మా అవ్వ చెప్పిందని అమ్మవారి ముందు సాక నీళ్ళు పోసిన మాట నిజమే గానీ, అది ఆమె సంతోషం కోసమే. అవ్వ అంటే మా అమ్మ. మా దిక్కు కన్నతల్లిని అట్లాగే పిలుస్తాం.

ఇప్పుడు రాయబోయేది చదివి మీరు నవ్వుకుంటే నాకు కోపం లేదు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్ణే. కానీ ఇందులో ఉన్నది నా తమ్ముడి ప్రాణం. అందుకే ఒక్క మాట కూడా పెంచి రాయను. గుర్తున్నది గుర్తున్నట్టు, తెలియనిది తెలియదనే రాస్తాను.

డెబ్భై మూడో సంవత్సరమో, డెబ్భై నాలుగో. మాకొక నాటకం కంపెనీ ఉండేది. కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. పదిమందిమి, ఒక హార్మోనియం, ఒక తబలా జత, రెండు ట్రంకు పెట్టెల వేషాల బట్టలు. అంతే. నడిపేది వీర్రాజు గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద పొలం కొనుక్కుని వలస వచ్చినవాళ్ళ క్యాంపులో ఉండే రైతు. పొద్దున పొలం, సాయంత్రం హార్మోనియం. ఆయన మాట మాకు వింత, మా మాట ఆయనకు అంతకన్నా వింత. పాట దగ్గర మాత్రం ఎప్పుడూ తేడా రాలేదు.

రాజుల ఆటలు, దేవుళ్ళ ఆటలు చూసి చూసి జనం ఆవులిస్తున్నారని వీర్రాజు గారు సొంతంగా ఒక ఆట రాశారు. పేరు 'గత్తర లెక్క'. గత్తర అంటే కలరా. నిజాం కాలంలో గత్తర తగిలి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన రోజుల కథ. చావుల మీద నవ్వులాట ఏమిటని మేం మొదట మొహాలు చూసుకున్నాం. ఆయన హార్మోనియం ముందేసుకుని మొత్తం పాడి వినిపించారు. నవ్వి నవ్వి మా పక్కటెముకలు నొప్పి పుట్టాయి.

కథ చిన్నదే. ఊళ్ళో గత్తర. రోజూ ఎంతమంది పోయారో లెక్క రాసి తాలూకాకు పంపాలని పైనుంచి హుకుం. లెక్క పెట్టేది ఊరి మస్కూరి, అంటే పటేలు దగ్గర పనులు చేసే నౌకరు. వాడికి వేళ్ళ మీద తప్ప లెక్క రాదు. శవాలను వరసగా పడుకోబెడితే వాడు కర్రతో పాదాలు తట్టుకుంటూ పాడతాడు. ఆ వరసలో ఒక తాగుబోతు కూడా పడుకుంటాడు. చచ్చినవాడికి వెట్టిచాకిరీ ఉండదు కదా, రెండు రోజులు హాయిగా నిద్రపోవచ్చని వాడి ఉపాయం. మస్కూరి వాణ్ణి కూడా లెక్కలో వేస్తాడు. తెల్లారి వాడు లేచి బువ్వ అడిగితే పెళ్ళాం పారిపోతుంది. పట్వారీ ఏమో, కాగితం తాలూకాకు పోయింది, ఇప్పుడు నువ్వు బతికితే నా నౌకరీ పోతుంది అంటాడు. బతికే ఉన్నానని ఒక్కరితోనైనా అనిపించుకోవడానికి వాడు గడపగడపకూ తిరుగుతాడు. చివరికి విసిగిపోయి, తనే వెళ్ళి శవాల పక్కన మళ్ళీ పడుకుంటాడు. నేను కర్ర తీసుకుని మళ్ళీ లెక్క పాడతాను. ఆట అయిపోతుంది.

అవును, మస్కూరిని నేనే. లెక్క పాటలో ఈ చరణం వస్తే జనం ఈలలు వేసేవాళ్ళు.

ఒకడు పాయె, ఇద్దరు పాయె, ముగ్గురు పాయెరో దొరా
సచ్చినోడు లెక్క దప్పడు, బతికినోడే దప్పెరో

తాగుబోతు నా తమ్ముడు నర్సింలు. ఇరవై రెండేళ్ళవాడు. నా దుకాణంలోనే కాజాలు, గుండీలు కుట్టేవాడు. పనిలో బద్ధకం, కూర్చున్నచోటే కునుకు. అవ్వకు మాత్రం వాడంటే పంచప్రాణాలు. మా నాయన పోయినప్పుడు వాడు ఆమె కడుపులో ఉన్నాడు. అందుకే వాడు అన్నం తినకపోతే ఆమె కూడా ముద్ద ముట్టేది కాదు. స్టేజీ మీద శవాల్లో పడుకుని వాడు నిజంగానే నిద్రపోయేవాడు. గురక వినపడితే జనం ఇంకా నవ్వేవాళ్ళు.

వీర్రాజు గారికి ఒక పట్టింపు ఉండేది. ఆటలో చచ్చిన వేషం మంగళానికి లేచి తీరాలి. అదీ ఊరికే లేవడం కాదు. మంగళహారతి పాడుతుండగా ఒక్కొక్కరినీ ఇంట్లో పెట్టిన సొంత పేరుతో పిలవాలి. వాడు "ఉన్న" అని పలికి లేచి, బొట్టు పెట్టించుకుని హారతి కళ్ళకద్దుకోవాలి. ఎవరు లెక్కలో వేశారో వాళ్ళే పిలవాలి. అంటే ఆ పని నాదే. తమ తాతల నాటి మేళాల్లో కూడా ఇది తప్పేది కాదని ఆయన అనేవారు. నేను దాన్ని చాదస్తమనుకునేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ఆయన ముందే ఎగతాళి చేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఆ రోజు పిట్లం దాటి డోంగ్లి వెళ్ళే దిక్కున ఒక ఊళ్ళో అంగడి, అంటే వారం సంత. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు. మా ఆటలు అంగళ్ళలో పగలే జరిగేవి. తండాల నుంచి వచ్చినవాళ్ళు చీకటి పడకముందే ఇళ్ళకు చేరాలి కదా. ఊరి బయట చెరుకు బండ్లు ఆగే మైదానంలో నాలుగు బల్లలు వేసి స్టేజీ కట్టారు. మిరుగు, అంటే మృగశిర కార్తె, రెండు రోజుల్లో ఉంది. ఉక్కపోత.

మూడు గంటలకు మొదలుపెట్టాం. జనం బాగానే వచ్చారు. ముందు వరసలో ఒక లంబాడా ముసలమ్మ కూర్చుంది. చుట్టూ అందరూ పడి పడి నవ్వుతుంటే ఆమె ఒక్కతే నవ్వలేదు. భాష అర్థం కాలేదేమో అనుకున్నాను. నర్సింలు వేషం "నేను సావలే, ఊపిరి ఆడుతుంది సూడుండ్రి" అని ఏడుస్తూ తిరిగే ఘట్టంలో ఆమె లేచి నిలబడింది. స్టేజీ దిక్కు చెయ్యి చాచి వాళ్ళ భాషలో ఏదో అంది. పక్కవాళ్ళు లాగి కూర్చోబెట్టారు. దానికీ జనం నవ్వారు. నేనూ నవ్వాను.

చివరి ఘట్టం వచ్చింది. ఏడుగురు పడుకున్నారు. వాళ్ళ మీద కప్పే తెల్ల దుప్పటి నేను కుట్టిందే. మిల్లు గుడ్డ మూడు పట్టెలు అతికాను. ఏడుగురు భుజం భుజం ఆనించి పడుకుంటే సరిగ్గా సరిపోతుంది, ఎనిమిదో మనిషికి అంగుళం కూడా మిగలదు. తల నుంచి మోకాళ్ళ కింద దాకా కప్పుతుంది, పాదాలు బయట ఉంటాయి. శవాలుగా కనిపించాలని పాదాలకు తెల్ల పొడి పూస్తాం. నేను జనం వైపు చూస్తూ, వెనకకు చూడకుండానే కర్రతో తట్టుకుంటూ పోవాలి. నలభై ఆటలు ఆడి ఉంటాం. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ రోజు నా కర్రకు ఎనిమిది జతలు తగిలాయి.

నోట్లోంచి ఎనిమిది అని వచ్చేసింది. వెనక తబలా ఒక దెబ్బ తడబడింది. తిరిగి చూశాను. ఎనిమిది జతలే. చివరిది నర్సింలు పక్కన. ఆ పాదాలకు పొడి లేదు, మట్టి కొట్టుకుని ఉన్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. దుప్పటి అందరినీ కప్పే ఉంది. ఊళ్ళో పోకిరీ ఎవడో వెనక నుంచి వచ్చి దూరాడనుకున్నాను. ఇప్పటికీ అదే నిజమైతే బాగుండునని అనుకుంటాను.

ఇంతలో వాన దిగింది. మిరుగు వాన సంగతి మా దిక్కు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక్క గాలి వచ్చి పరదాలు ఎగిరిపోయాయి. జనం పరుగు. వీర్రాజు గారు హార్మోనియాన్ని పైపంచెలో చుట్టుకుని "మంగళం, మంగళం" అని అరిచారు. నాకు వినపడింది. వినపడలేదని ఇన్నేళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను గానీ, వినపడింది. నా కళ్ళు ట్రంకు పెట్టెల మీద ఉన్నాయి. పట్వారీ వేషానికి కొత్తగా కుట్టిన షేర్వానీ తడుస్తోంది. నేను పెట్టెల వైపు పరుగెత్తాను.

పడుకున్నవాళ్ళు నవ్వుకుంటూ తమంతట తామే లేచి ఉరికారు. పెట్టెలు బండి కిందికి చేర్చి వెనక్కి వస్తే, బల్లల మీద దుప్పటి తడిసి ముద్దయి ఉంది. దాని కింద నర్సింలు ఒక్కడే. నిద్రపోయాడనుకుని తిట్టాను. లేవలేదు. రెక్క పట్టుకుని లాగి నిలబెడితే నిలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బాన్సువాడ చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రాత్రి జ్వరం. వానలో తడిసిన జ్వరమే అనుకున్నాం. మూడో రోజుకు అది దిగిపోయింది. కానీ వాడు లేవలేదు. మా ఊరి సర్కారు దవాఖానలో గ్లూకోజు ఎక్కించారు. నిజామాబాదు తీసుకుపోతే పెద్ద డాక్టరు అన్ని పరీక్షలూ చేయించాడు. మంచివాడు, మా మాట ఓపికగా విన్నాడు. రక్తం బాగుంది, గుండె బాగుంది, రోగం అని చెప్పడానికి ఏమీ దొరకలేదు, ఇంటికి తీసుకుపోయి ఎట్లాగైనా తినిపించండి అన్నాడు.

తినిపించడమే కుదరలేదు. అవ్వ గంజి చెంచాతో నోట్లో పోస్తే సగం చెంపల మీదుగా కారిపోయేది. వాడు వెల్లకిలా, కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని పడుకునేవాడు. ఆటలో పడుకున్నట్టే. పక్కకు తిప్పి దిండు పెడితే కాసేపటికి మళ్ళీ వెల్లకిలా ఉండేవాడు. ఒకరోజు నాకు పిచ్చి కోపం వచ్చింది. పని ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతున్నాడనిపించి చెంప మీద కొట్టాను. తల ఒక పక్కకు పోయి అక్కడే ఉండిపోయింది. ఆ చెయ్యిని ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రోజూ పొద్దున అవ్వ చూడకుండా టేపు పెట్టి వాడి దండ చెయ్యి కొలిచేవాణ్ణి. మొదటి రోజు తొమ్మిదిన్నర అంగుళాలు. పదో రోజుకు ఎనిమిదిన్నర. ఇరవయ్యో రోజుకు ఏడు. నా చేతుల్లోనే వాడు దారం ఉండ విడిపోయినట్టు తగ్గిపోతున్నాడు. అవ్వ కూడా దాదాపు తినడం మానేసింది. ఇద్దరినీ ఒకేసారి పోగొట్టుకుంటానని భయం పట్టుకుంది. దుకాణం తెరవడం మానేశాను.

ఆ రోజుల్లోనే వీర్రాజు గారు చూడటానికి వచ్చారు. వాడి కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చున్నారు. వెళ్ళేముందు నన్ను బయటికి పిలిచి మెల్లగా అడిగారు.

"ఆ రోజు వీణ్ణి పేరు పెట్టి పిలిచావా లింగం?"

లేదన్నాను. ఆయన తల దించుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. మనిషి చస్తుంటే మీ మంగళం గోల ఏమిటని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. కానీ గడప లోపల నుంచి అవ్వ విన్నది.

మర్నాటి నుంచి ఆమె చెప్పులు కూడా లేకుండా కంపెనీ వాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగింది. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని బతిమాలింది. పొలాలు దమ్ము చేసే కరిగట్లు, నాట్ల రోజులు. ఎవరికి తీరిక ఉంటుంది? పైగా మా ఇంటి దుఃఖం తమకు అంటుకుంటుందని కొందరి భయం. ఆటలో శవాలుగా పడుకున్న ఆరుగురిలో అయిదుగురు ఒప్పుకున్నారు. ఆరోవాడు పని వెతుక్కుంటూ బోధన్ వెళ్ళిపోయాడు, కబురు అందలేదు. నాకు మాత్రం నమ్మకం లేదు. ఆమె చెప్పింది చేయకుండా వాడు పోతే, ఆమె నన్ను జన్మలో క్షమించదని ఒప్పుకున్నాను. నమ్మకం లేదని అన్నాను గానీ, ఆ రాత్రి ఆ తడిసిన దుప్పటిని ఉతికి, ఊడిన అతుకు కుట్టింది కూడా నేనే.

ఇరవై మూడో రోజున వాణ్ణి ఎడ్ల బండిలో గడ్డి పరిచి తీసుకుపోయాం. తెల్లవారకముందు బయలుదేరితే మధ్యాహ్నం దాటింది చేరేసరికి. ఆ రోజు అంగడి లేదు. మైదానమంతా పచ్చగా గరిక మొలిచింది. ఎవరూ లేరు. బల్లలు లేవు కాబట్టి స్టేజీ ఉన్న చోట నేల మీదే పడుకోవాలి.

వీర్రాజు గారు హార్మోనియం దించుతుండగా ఆ లంబాడా ముసలమ్మ వచ్చింది. పేరు సోమ్లీ. పక్క తండా. బండి చూసి వచ్చానంది. నర్సింలును చూడగానే ఆమె మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. వచ్చీరాని తెలుగులో, మధ్యలో వాళ్ళ మాటలు కలిపి, ఒక సంగతి చెప్పింది.

ఆమె నాలుగైదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళవాళ్ళు ఎడ్ల మీద సరుకు వేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు. ఈ మైదానంలో దిగినప్పుడు గత్తర తగిలింది. ఊళ్ళో చచ్చినవాళ్ళనూ, వీళ్ళలో చచ్చినవాళ్ళనూ ఇక్కడే వరసగా పెట్టి లెక్క రాసుకుని గుంటలో వేశారు. ఆ వరసలో ఆమె అన్న ఉన్నాడు. పేరు థావర్యా.

"మా అన్న కండ్లు తెరిశే ఉండె. ఊపిరి ఉండె. నేను సూశిన," అంది సోమ్లీ. "లెక్కల వడ్డడు, ఇగ తియ్యరాదు అన్నరు. నేను చిన్నదాన్ని. నా మాట ఎవలింటరు."

వీర్రాజు గారి మొహం పాలిపోయింది. తర్వాత ఆయన్ని నేను ఒకటికి పదిసార్లు అడిగాను. ఈ కథ ఎక్కడ విన్నారని. ఎక్కడా వినలేదనీ, నవ్వించడానికి తన బుర్రలోంచి పుట్టించిందేననీ తన పిల్లల మీద ఒట్టు వేసి చెప్పారు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు.

పాట మొదలైంది. అయిదుగురు పడుకున్నారు. వాళ్ళ పక్కన నర్సింలును పడుకోబెట్టాం. మొత్తం ఆరుగురు. దుప్పటి కప్పాం, ఒక మనిషి పట్టేంత గుడ్డ మిగలాలి. నేను కర్ర తీసుకున్నాను. ఎదురుగా అవ్వ, సోమ్లీ, బండి తోలినవాడు. నవ్వించడానికి కట్టిన వరస అది. నా కన్నతల్లి ముందు, ఆమె కొడుకు పాదాల మీద తట్టుతూ ఒకడు పాయె, ఇద్దరు పాయె అని పాడాను. అంత పాపపు పని నా జీవితంలో ఇంకొకటి చేయలేదు.

కర్రకు ఏడు జతలు తగిలాయి.

ఈసారి నేను తిరిగి చూడలేదు. చూసి ఉంటే మీకు ఇంకొంచెం సాక్ష్యం చెప్పగలిగేవాణ్ణి. ధైర్యం చాలలేదు. బండి తోలినవాడిని తర్వాత అడిగితే దుప్పటి నిండుగానే ఉండెనన్నాడు. కానీ వాడు లెక్కపెట్టలేదట, కాబట్టి దాన్ని నేను రుజువుగా చెప్పను.

వీర్రాజు గారు మంగళహారతి పాట అందుకున్నారు. నేను ఒక్కొక్కరినీ పిలిచాను. అయిదుగురు "ఉన్న" అని లేచి హారతి తీసుకున్నారు. తర్వాత నర్సింలూ అని పిలిచాను. కదలలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి అరిచాను. నా గొంతు ఆ మైదానం అవతల రోడ్డు మీదికి వినపడి ఉంటుంది. వాడి చేతి వేలు కూడా కదలలేదు. కర్పూరం అయిపోవస్తోంది. వీర్రాజు గారు పాట ఆపకుండా నా వైపు చూస్తున్నారు, కళ్ళల్లో నీళ్ళు. అవ్వ మట్టిలో పడి దొర్లుతోంది.

అప్పుడు సోమ్లీ లేచింది. నన్ను పక్కకు నెట్టి, థావర్యా అని పిలిచింది. వాళ్ళ భాషలో లెమ్మంది. కోపంగా కాదు, ఏడుపుగా కూడా కాదు. పొద్దెక్కిందని పిల్లల్ని లేపుతాం చూడండి, అట్లా.

నా తమ్ముడు లేచి కూర్చున్నాడు.

ఇరవై మూడు రోజులు వెన్నుపూస నిలవని మనిషి ఎవరి ఆసరా లేకుండా లేచి కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. "పాణి" అన్నాడు. లంబాడీలో పాణి అంటే నీళ్ళు. ఉర్దూలోనూ దాదాపు అదే మాట, మా దిక్కు అందరికీ వస్తుంది. కాబట్టి దాన్నీ నేను సాక్ష్యంగా చెప్పను. సోమ్లీ చెంబుతో తాగించింది. వాడి మొహం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. చివరికి ఆమె చేతులు తీసేసి అవ్వతో అంది.

"నీ కొడుకే. తీస్కపో."

ఆ మాట అని వెనక్కి తిరిగి చూడకుండా తండా వైపు వెళ్ళిపోయింది. ఆమె నిజం చెప్పిందో, ఒక తల్లి మొహం చూసి అట్లా అన్నదో నాకు తెలియదు.

ఇంటికి వచ్చాక వాడు తిన్నాడు. నెల రోజుల్లో దండ చెయ్యి మళ్ళీ తొమ్మిది అంగుళాలకు వచ్చింది. ఊరంతా గ్లూకోజు పనిచేసిందన్నారు. నేనూ అదే అన్నాను. నిజామాబాదు డాక్టరు గారికి మొక్కి కొబ్బరికాయ ఇచ్చి వచ్చాను కూడా.

దసరాకు అందరికీ కొత్త బట్టలు కుడదామని వాడికి పాంటు కొలతలు తీశాను. కాలు పొడుగు ముప్పై ఏడున్నర వచ్చింది. కొలతల బుక్కు తిరగేశాను. కిందటి దసరాకు నా చేత్తో నేను రాసింది ముప్పై తొమ్మిది. టేపు మార్చి కొలిచాను. మూడుసార్లు కొలిచాను. జబ్బు చేస్తే మనిషి నడుము తగ్గుతుంది, ఛాతీ తగ్గుతుంది. ఇరవై రెండేళ్ళవాడి కాలు ఎముక తగ్గడం నేను వినలేదు. నేను తప్పు రాసి ఉండొచ్చు. కానీ వాడి పాత పాంట్లన్నీ మడమల కింద ఈడ్చుకుంటున్నాయి.

ఇంకో సంగతి. నర్సింలూ అని పిలిస్తే వాడు ఒక్కసారికి పలకడు. తనను కాదన్నట్టు పక్కకు చూసి, తర్వాత గుర్తొచ్చినట్టు "ఆ, అన్నా" అంటాడు. కూర్చున్నచోట కునుకు తీయడం పోయింది. పొద్దు పొడవకముందే లేస్తాడు. పనిమంతుడయ్యాడు. ఇట్లాంటి తమ్ముడు కావాలని నేను ఒకప్పుడు తిట్లలో కోరుకున్నవాడే నా పక్కన మిషను తొక్కుతున్నాడు.

కొలతల బుక్కు తీసుకుపోయి అవ్వకు చూపించాను. ఆమెకు చదువు రాదు, అంకెలు చదివి చెప్పాను. పొయ్యి ముందు రొట్టెలు చేస్తోంది. చెయ్యి ఆపలేదు.

"నాకెర్కలేదా లింగం? కన్నదాన్ని," అంది. "లేశినోడు ఆకలంటుండు. ఎవలైతేంది, ముందుగాల బువ్వ వెట్టాలె గదా."

ఆ తర్వాత ఆమె పన్నెండేళ్ళు బతికింది. వాడికి పెళ్ళి చేసింది, వాడి పిల్లల్ని ఎత్తుకుంది, వాడి చేతుల్లోనే పోయింది. ఆ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా వాణ్ణి నర్సింలూ అని పిలవగా నేను వినలేదు. బిడ్డా అనే పిలిచింది.

కంపెనీ ఆ ఏడే మూతపడింది. గత్తర లెక్క మళ్ళీ ఎవరూ ఆడలేదు.

నన్ను తినేది ఒక్కటే. ఆ రోజు లేచింది వాడే అయితే సరే, నేను ఒక పిచ్చివాణ్ణి, అంతే. కాకపోతే, నేను లెక్కలో వేసి, లేపకుండా షేర్వానీ కోసం పరుగెత్తి వదిలేసిన నా తమ్ముడు ఇంకా అక్కడే వరసలో పడుకుని ఉన్నాడు. చెంప మీద నా దెబ్బతో.

అందుకని ఏటా మిరుగుకు ముందు, గుడ్డ తేవడానికి పోతున్నానని చెప్పి, పిట్లం బస్సెక్కుతాను. ఇప్పుడక్కడ సగం దాకా పొలం దున్నేశారు. మిగిలిన గరికలో నిలబడి కర్పూరం వెలిగించి, నర్సింలూ లే రా అని మూడుసార్లు పిలుస్తాను. కాసేపు చూసి వచ్చేస్తాను. ఇంటికి వస్తే, ఎండల పడి ఎందుకు తిరుగుతవన్నా అంటూ వాడే చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తాడు. నేను తాగుతాను. దయ్యాలున్నాయని ఇప్పటికీ నేను నమ్మను. అక్కడ నిలబడి ఎవరిని పిలుస్తున్నానో మాత్రం నాకు తెలియదు.